సంజెపేట చప్పట్లు

శ్రావణ శుద్ధ విదియ

అద్దాల వరసలో పనిచేసేవాళ్ళు పని దిగే ముందు నాలుగు ముక్కలు రాసి పెట్టాలని సంజెపేట రూలు. ఎన్ని అద్దాలు తుడిచాం, ఏ మడికి ఎండ తిప్పాం, గాలి ఎలా ఉంది, అంతే. వీటిని ఎవరూ చదవరు. చదవరు గనకే నేను మిగతావి కూడా రాస్తున్నాను.

గోంగూర మడికి ఇవాళ ఎండ చాల్లేదు. మా సూర్యుడు కదలడు. ఊరికి ఆ చివర, నేలను ఆనుకుని, పెళ్ళింట్లో కుర్చీ వదలని పెద్దమనిషిలా అలాగే కూర్చుని ఉంటాడు. ఆ ఏటవాలు ఎండను అద్దాలతో పట్టి మడుల మీదికి తిప్పుకుంటే తప్ప ఆకు లేవదు. ఈ చివర నుంచి అంతా చీకటి. అటు నుంచి ఎప్పుడూ చలిగాలి, గాలితో దుమ్ము. ఆ దుమ్ము తుడవడమే నా ఉద్యోగం. మాకు చంద్రుడు కూడా లేడు. కానీ ముత్తాతలు ఈ నేల మీదికి వస్తూ వస్తూ పంచాంగం వెంట తెచ్చుకున్నారు కాబట్టి విదియలూ తదియలూ మాత్రం ఉన్నాయి.

పని దిగాక అందరిలాగే మేడ ఎక్కాను. చీకటి వైపు మెరుపులు మొదలయ్యాయి. అక్కడ మంచు గనులున్నాయి. మేం తాగే ప్రతి చుక్కా అక్కడి నుంచే వస్తుంది. ఆ మంచు కోసం యాభై ఏళ్ళుగా యుద్ధం జరుగుతోంది. ఆ మెరుపులు దానివే. అవతలివాళ్ళు ఎవరో నాకు సరిగ్గా తెలీదు. వాళ్ళూ మాలాగే నీళ్ళు తాగేవాళ్ళని మాత్రం విన్నాను. ఊళ్ళో మాత్రం పూటపూటా మెరుపులు చూస్తూ మేడల మీద బజ్జీలు తినడం అలవాటైపోయింది.

"రావే తాయారూ, బజ్జీలు సల్లారిపోతన్నాయి," అని పక్కింటి మంగతాయమ్మగారు పిలిచింది. "ఇయాళ పచ్చరంగువి భలే పడతన్నాయి సూడు."

"అక్కడ మా ఆయన ఉన్నారండి పిన్నిగారూ."

"ఆయ్, తెలుసమ్మా. అందుకే గదా ముందు వరసలో కుర్చీ నీకేయించాను."

ఆవిడ మనసు వెన్న. అందులో అబద్ధం లేదు. నేను కూర్చున్నాను. బజ్జీ కూడా తిన్నాను.

శ్రావణ శుద్ధ పంచమి

ఇవాళ మాటల గదికి పిలుపు వచ్చింది. మంచు కాపలాకు వెళ్ళినవాళ్ళ గొంతులు అక్కడికి వస్తాయి. తలుపేసుకుని వినాలి. విన్నాక ఎర్ర దీపం వెలుగుతుంది. అది ఆరేలోపు మనం చెప్పదలచుకున్నది చెప్పాలి.

"తాయీ, నేను సూరిబాబుని," అన్నారు మా ఆయన, నాకు తెలీనట్టు. "ఇక్కడ బానే ఉంది. నిన్న గోంగూర పచ్చడి కల్లోకొచ్చింది. అన్నంలో కలిపేలోపు మెలకువొచ్చేసింది, అదీ నా రాత. ఈ పున్నమికి గడువు అయిపోతాది. ఈసారి ఖాయం. వచ్చాక మేడ మీద కుర్చీ ఏసుకుని ఎండ వైపు తిరిగి కూకుంటాను. చీకటి వైపు సూడమన్నా సూడను."

ఆయన వెళ్ళి ఆరేళ్ళు. గొంతు నాకు బాగా గుర్తుంది. దగ్గు గుర్తులేదు. ఆయన నిద్రలో ఒక రకంగా దగ్గేవారు. ఆ దగ్గు వింటూ నేను విసుక్కునేదాన్ని. ఇక్కడికి పంపేటప్పుడు దగ్గులూ నిట్టూర్పులూ కత్తిరించి శుభ్రం చేసి పంపుతారు. ఆ దగ్గు ఒక్కసారి వినబడితే చాలని ఎంత అనిపిస్తుందో రాయడానికి నాకు చేత కావడం లేదు.

వస్తూ వస్తూ పేట కార్యాలయంలో ఆగి, పున్నమికి వచ్చే బండి ఎప్పుడని అడిగాను. గుమాస్తా పాపయ్యగారు తలెత్తి, "ఏ బండమ్మా? గడువు పొడిగిస్తారు గదా," అన్నారు, కూర చల్లారింది వేడి చేసుకోమన్నంత తేలిగ్గా.

"ఎవరు పొడిగిస్తారండీ?"

"ఊరే. శాంతి వారం ఆఖరి సభలో, వందన సమర్పణప్పుడు. 'మంచు కాపలా భారం మరో మూడేళ్ళు మోయబోతున్న మన సోదరులకు ధన్యవాదాలు' అని చదువుతారు. జనం చప్పట్లు కొడతారు. కొడితే ఒప్పుకున్నట్టు. పోయినసారీ అంతే."

పైనుంచి ఏదో హుకుం వస్తుందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. పైన ఎవరూ లేరు. మేమే ఉన్నాం.

"మరి వద్దంటే?"

"పదిమంది లేచి 'అభ్యంతరం' అనాలమ్మా. రూలుంది. చాలా మంచి రూలు. ఇప్పటిదాకా ఎవరూ వాడలేదంతే."

శ్రావణ శుద్ధ దశమి

అద్దాలు సగమే తుడిచాను. మిగతా పూటంతా ఇళ్ళు తిరగడమే. పదిమంది కావాలి. నన్ను తీసేస్తే తొమ్మిది మంది.

అడిగితే కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అదే నన్ను ఆశ్చర్యపరచింది. మంగతాయమ్మగారు కళ్ళు ఒత్తుకుని, "మోకాళ్ళు పట్టేసినా సరే, లేత్తానే," అంది. సంగీతం మాస్టారు శ్రీరంగంగారు, "పాపం, సూరిబాబు నా దగ్గర రెండు కీర్తనలు నేర్చుకున్నాడమ్మా," అని మాటిచ్చారు. సరుకుల కొట్టు గవరయ్య మాత్రం నిమ్మరసంలో మంచుముక్క వేస్తూ ఆగాడు.

"మరి మంచెవరు కాత్తారండీ? నీళ్ళో?"

"మంచు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉందట గవరయ్యా. అవతలివాళ్ళతో కూర్చుని పంచుకోవచ్చు కదా."

"అబ్బో, అయన్నీ పెద్దోళ్ళు సూసుకుంటార్లెండి," అన్నాడు. అని, నా మొహం చూసి, "నేనూ లేత్తానండి, అంత ఇదేటి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిది మందికి బదులు పద్నాలుగు మంది అయ్యారు. ఎంత సంతోషమేసిందంటే, మంచం మీద ఆయన వైపు పరుపు దులిపి ఎండ అద్దం కింద వేశాను. ఊరు మంచిదే. అడగడమే ఆలస్యమైంది.

శ్రావణ శుద్ధ త్రయోదశి

పేట పెద్ద జగ్గారావుగారు స్వయంగా అద్దాల వరస దగ్గరికి వచ్చారు. శాంతి వారం ఆఖరి రోజున ఏటా అష్టావధానం జరుగుతుంది. అవధాని చిదంబర శాస్త్రిగారి చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. ఏడుగురు తలో పద్యం అడుగుతారు. ఆయన ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చెబుతూ, అన్నీ తలలోనే పెట్టుకుని, చివర్లో మొత్తం అప్పజెప్పాలి. ఎనిమిదో మనిషి అప్రస్తుత ప్రసంగి. పద్యం అల్లుతుండగా మధ్యలో దూరి, సంబంధం లేని ప్రశ్నలు వేసి, ఆయన దృష్టి చెదరగొట్టాలి. ఆయన చమత్కారంగా జవాబు చెప్పి తప్పించుకోవాలి. జనం నవ్వాలి. ఏటా ఆ పని చేసే పళ్ళ డాక్టరుగారికే ఇప్పుడు పన్ను నొప్పి పట్టుకుందట.

"నువ్వయితే నోరున్నదానివి తాయారమ్మా," అన్నారు జగ్గారావుగారు. "నువ్వు కూచో. అంశం ఏటా ఉన్నదే, యుద్ధం వద్దు."

"ఏమైనా అడగొచ్చాండీ?"

"ఏదైనా! ఎంత అసందర్భంగా ఉంటే అంత రక్తి కడతాది."

వేదిక, మైకు, ఎదురుగా ఊరంతా. పైగా ఆ సభను చీకటి వైపు కాపలావాళ్ళకు కూడా వినిపిస్తారు, వాళ్ళ కాలక్షేపం కోసం. వాళ్ళకు వినబడేలా నేను మాట్లాడబోతున్నాను. సరేనన్నాను. ఏం అడగాలో అద్దాలు తుడుస్తూ తుడుస్తూ అనుకున్నాను. చమత్కారాలేం వద్దు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పేయాలి.

శ్రావణ పౌర్ణమి

అద్దాలకు సెలవు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ కిటకిటలాడింది. దీపం వెలిగించారు, ప్రార్థన పాడారు, శాలువాలు కప్పారు. శాంతి మీద జగ్గారావుగారు మాట్లాడి మాట్లాడి గొంతు తడారి మంచునీళ్ళు తాగారు. దత్తపదికి 'గుండు, మందు, తూటా, బాంబు' అనే నాలుగు మాటలిచ్చి తల్లి ప్రేమ మీద పద్యం చెప్పమన్నారు. శాస్త్రిగారు అవలీలగా మొదటి పాదం చెప్పేసరికి జనం ఊగిపోయారు. వర్ణన అడగాల్సిన వంతు శ్రీరంగం మాస్టారిది. "యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలిని ఆటవెలదిలో వర్ణించండి," అన్నారాయన. అని, నా వైపు చూసి ప్రేమగా తలూపారు.

నేను ఆ పద్యానికి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. ఒక్కో పాదమే, మధ్యమధ్య మిగతా పద్యాలు చెబుతూ, ఆ పద్యం పూర్తయింది.

కంటి నీటిలోన కరిగెను దీపమ్ము
గడప దాటి చూపు కదలి పోయె
మంచు నేల మీద మగడున్న చోటికి
తిరిగి రాని దారి తెలిసి తెలిసి

సభంతా "ఆహా" అంది. ముందు వరసలో మంగతాయమ్మగారు వెక్కి వెక్కి ఏడ్చింది. పద్యం బాగుంది. నిజంగానే బాగుంది. నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ నా మొగుడు తిరిగి రాడని ఆయన నాలుగో పాదంలో తేల్చేశారు, ఊరు ఆహా అనేసింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మైకు అందుకున్నాను.

"శాస్త్రిగారూ, కన్నీళ్ళలో దీపం కరిగిందన్నారు. మా ఇంట్లోది కరెంటు దీపమండీ. అది కరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలి?"

"కరెంటు దీపం కరిగితే కరెంటాఫీసుకి తల్లీ. మనసు కరిగితే మాకు!"

నవ్వులే నవ్వులు. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఆ నవ్వు వినగానే నాకు హుషారొచ్చింది. ఆరేళ్ళుగా నన్ను చూసి ఊరు జాలిపడడమే గానీ నవ్వడం లేదు. ఇంకోటి వదిలాను.

"మేం చీకటి వైపు మెరుపులు చూస్తూ బజ్జీలు తింటాం కదండీ. యుద్ధం ఆగిపోతే మరి బజ్జీలు గొంతు దిగేదెలా?"

"మీ వైపు తిరిగి తింటామమ్మా. అక్కడా మెరుపులూ ఉరుములూ లోటు లేదు!"

ఈసారి కుర్చీలు కదిలాయి. గవరయ్య తొడ చరుచుకున్నాడు. నేను కూడా నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఎక్కడో చల్లగా తగిలింది, నేను వచ్చిన పని ఇది కాదని. నవ్వు మింగి మళ్ళీ మైకు పట్టుకున్నాను.

"ఇది తమాషా కాదండీ. కాసేపట్లో వందన సమర్పణలో మంచు కాపలా పేరు చదువుతారు. అప్పుడు మీరు చప్పట్లు కొడితే వాళ్ళు ఇంకో మూడేళ్ళు అక్కడే ఉంటారు. కొట్టకండి. లేచి అభ్యంతరం అనండి. ఆరేళ్ళయింది. మా ఆయన్ని నాకు ఇచ్చేయండి."

శాస్త్రిగారు నా మొహంలోకి చూశారు. చూసి, కళ్ళు మూసుకుని, "అమ్మా, నా నలభయ్యేళ్ళ అవధానాల్లో ఇంతకన్నా అప్రస్తుతమైన ప్రసంగం వినలేదు!" అన్నారు.

సభ ఫక్కుమంది. వెనక వరసల్లో ఈలలు కూడా వేశారు. తప్పు వాళ్ళదని ఎలా అనను? ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏమన్నా నవ్వాలని వాళ్ళకు తాతల నాటి నుంచి తెలుసు. ముందు రెండుసార్లు నవ్వించింది నేనే.

తర్వాత ధారణ. శాస్త్రిగారు ఏడు పద్యాలనూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. ఆఖరి పద్యం అయ్యేసరికి సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగలేదు. ఆగకుండానే జగ్గారావుగారు వందన సమర్పణ చదవడం మొదలుపెట్టారు, దీపాలవాళ్ళకు, పూలవాళ్ళకు, వంటవాళ్ళకు, మంచు కాపలా సోదరులకు. నేను "అభ్యంతరం" అని అరిచాను. మైకు అప్పటికే తీసేశారు. నా పక్కనున్నాయనకే వినబడలేదు. అప్రస్తుత ప్రసంగం రక్తి కట్టించినందుకు నాకు కూడా ఒక శాలువా కప్పారు.

శ్రావణ బహుళ విదియ

గాలి ఎక్కువగా ఉంది. అద్దాలు తుడిచిన వెంటనే మసకబారుతున్నాయి.

మంగతాయమ్మగారు టిఫిను గిన్నెతో వచ్చింది. నేను అద్దం తుడుస్తూనే ఉన్నాను.

"ఏమే, అలిగావా? మాటిచ్చానా లేదా? లేచానా లేదా?" అంది. "మోకాళ్ళు కలుక్కుమంటన్నా లేచాను. ఊరంతా లేచింది గదే నీ కోసం!"

ఆవిడ నిజంగా అలాగే నమ్ముతోంది. పద్నాలుగు మందీ అలాగే నమ్ముతున్నారు. వాళ్ళ మీద కోప్పడదామని చూశాను, ఎక్కడ పట్టుకుని కోప్పడాలో దొరకలేదు. గిన్నెలో ఉప్మా ఉంది. చల్లారకముందే తినమని పక్కన నిలబడింది.

తర్వాత శాస్త్రిగారు కూడా వచ్చారు. అద్దాల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీ మొహం చూశానమ్మా ఆవేళ," అన్నారు. "మీరు నిజమే అడుగుతున్నారని తెలిసింది. కానీ తలలో ఏడు పద్యాలున్నాయి. ఆగితే అన్నీ జారిపోయేవి."

"ఇప్పుడు ఖాళీయే కదండీ తల?"

ఆయన తల దించుకున్నారు. "నన్ను క్షమించండమ్మా. మీ వారి పేరేమిటి?"

"సూరిబాబు."

"సూరిబాబు," అని పెదాల మీదే అనుకున్నారు. "చక్కటి పేరు. తేటగీతిలో హాయిగా ఇముడుతుంది."

నేను తుడిచే గుడ్డ పిండి రెండో అద్దం దగ్గరికి వెళ్ళిపోయాను.

శ్రావణ బహుళ పంచమి

మాటల గది నుంచి పిలుపు. ఏం వినాలో ముందే తెలుసు అనుకుంటూ వెళ్ళాను. పొడిగింపు సంగతి వాళ్ళకు తెలిసి ఉంటుంది. ఆయన నన్ను ఓదారుస్తారు, నేను ఆయన్ని ఓదారుస్తాను. అందుకు సిద్ధపడి తలుపేసుకున్నాను.

"తాయీ!"

ఆ గొంతులో అంత సంతోషం పెళ్ళయిన కొత్తలో విన్నాను.

"సభ విన్నాం తాయీ. మాటలేవీ అందలేదు, ఈ సలికి తీగలన్నీ గరగరమంటాయి. మధ్యలో ఓ ఆడగొంతు లీలగా వినబడితే, అది మా ఆవిడేనని పందెం కాశాను. ఒక్కటి మాత్రం శుభ్రంగా వచ్చింది. సప్పట్లు. అబ్బ, ఆగితేనా! ఏటా ఇంతసేపు ఉండవు. మా పెద్దాయన లెగిసి, 'ఒరే, మనల్ని రమ్మంటన్నార్రా, ఊరు ఒప్పుకుంది, ఏటనుకుంటన్నారు!' అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. లేకపోతే అంత సంబరం దేనికి? అందరం సంచులు సర్దేసుకున్నాం. పోయిన వారం కొత్తగా వచ్చినాయన ఉన్నాడు, పాపం, నలుగురు పిల్లల తండ్రి, సరైన బట్టల్లేక ఒణికిపోతన్నాడు. నా ఉన్నికోటు ఆయనకిచ్చేశాను. నాకింక దేనికీ? బండి రేపో ఎల్లుండో వచ్చేత్తది. ఈలోగా ఎంత సలైనా..."

అక్కడ ఏదో అడ్డుపడింది. రెండుసార్లు. ఎవరో కత్తిరించడం మరిచిపోయారు. ఆయన దగ్గు. ఆరేళ్ళుగా నేను అడిగిన దగ్గు. కానీ ఇది నిద్రలో వచ్చే దగ్గులా లేదు. లోపలినుంచి, పొడిగా వస్తోంది.

"...ఎంత సలైనా ఓర్చుకోవచ్చు. ఉంటాను తాయీ. కాదు, వత్తాను."

ఎర్ర దీపం వెలిగింది.

చెప్పాల్సినవి ఎన్నో అనుకున్నాను. ఊరు లేచి నిలబడిందని, ఊరు మంచిదని, శాలువా కప్పిందని, నేను నవ్వించానని. బండి లేదని. ఎదురుచూస్తూ ఉంటానని, ఇంకో మూడేళ్ళైనా, ఎన్నేళ్ళైనా. దీపం అలాగే వెలుగుతోంది. అది ఆరిపోతుందేమోనని భయమేసి, మైకుకు దగ్గరగా వంగాను.

"ఏవండీ," అన్నాను. "ఆ కోటు వెనక్కి అడిగి తీసుకోండి."